సరంగుకి కట్టిన అపరాధం

మా అత్త గంగాలమ్మకి కుక్కలంటే ప్రేమ అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. సెల్‌ఫోన్లు పట్టుకుని బీచికి వచ్చేవాళ్ళు ఆ మాటే అంటారు. ఒకసారి ఎవరో కాలేజీ పిల్లలు "డాగ్ లవర్ ఆంటీ" అంటూ వీడియో కూడా తీసుకుపోయారు. ఆవిడ ఏ కుక్కనీ ఒళ్ళో కూర్చోబెట్టుకోగా నేను చూడలేదు. చిటికె వేసి పిలవగా చూడలేదు. నేను ఈ పేటకి కోడలిగా వచ్చి పదకొండేళ్ళయింది, నన్నే ఎప్పుడూ ముద్దు చేయలేదు, ఇక కుక్కల్ని చేస్తుందా! ఆవిడకీ మా ఒడ్డున ఉండే ఒక కుక్కకీ మధ్య ఉన్నది వేరే సంగతి. దానికేం పేరు పెట్టాలో నాకు తెలియదు, జరిగింది మాత్రం చెబుతాను.

నా పేరు మహేశ్వరి. పగలు ద్వారకా నగర్‌లో చీరల షాపులో పని. మా ఆయన పోలిరాజు ఫైబర్ బోటు మీద చేపల వేటకి వెళతాడు. వచ్చిన చేపల్లో చిన్నవాటికి మా అత్త ఉప్పు పట్టించి, ఒడ్డున ఇసుక మీద పాత వలలు పరిచి ఎండబెట్టి, వన్ టౌన్ మార్కెట్‌కి పట్టుకెళ్ళి అమ్ముతుంది. అరవై రెండేళ్ళు వచ్చినా బుట్ట నెత్తిన పెట్టుకుందంటే నేను వెనక పరిగెత్తాల్సిందే.

చేపలు ఎండబెట్టడం అంటే పరిచేసి ఇంట్లో కూర్చునే పని కాదు. కాకులు, గద్దలు, పిల్లులు, పందులు, అన్నీ మన కోసమే కాచుకుని ఉంటాయి. రెప్ప వాల్చామా, నాలుగు బుట్టల నెత్తళ్ళు మూడు బుట్టలవుతాయి. నేను షాపుకి పోతే, మా ఆయన సముద్రం మీదకి పోతే, ఆవిడొక్కతే ఎన్ని వైపులని చూస్తుంది?

నాలుగేళ్ళ కిందట, తుఫాను వెళ్ళిన మర్నాడు, ఎక్కడి నుంచో ఒక నల్ల కుక్క వచ్చి చేపల పక్కన నిలబడింది. దొంగకుక్క అనుకుని మా అత్త రాయి విసిరింది. తగల్లేదు. ఆ సంగతి ఆవిడ ఇప్పటికీ చెబుతుంది.

"ఏ కుక్కైనా రాయి సూత్తే పారిపోద్ది. ఆడు పారిపోనేదు. నిలబడి నా మొకంలోకి సూసినాడు. ఏటి, నానేటి సేసినాను అన్నట్టు. నాకే సిగ్గేసినాది."

అప్పుడే ఒక పంది చేపల మీదకి వచ్చింది. ఆ కుక్క దాన్ని రోడ్డు దాకా తరిమి, తిరిగి వచ్చి అదే చోట కూర్చుంది. చేప ముట్టుకోలేదు. సాయంత్రం మా ఆయన బోటు దిగి చేపలు పంచుతున్నాడు. మాలో పడవకో వాటా, వలకో వాటా, వేటకెళ్ళిన మనిషికో వాటా తీస్తారు. మా అత్త బుట్టలోంచి నాలుగు కవళ్ళు చేపలు తీసి వేరే పెట్టింది. "ఇదెవరికే?" అన్నాడు మా ఆయన. "కాపలాకి" అంది. ఆ రోజు నుంచి ఒక్క రోజు కూడా ఆ వాటా తప్పలేదు. వేట లేని రోజున మా కంచంలో తగ్గేది గానీ వాడి చిప్పలో తగ్గేది కాదు. నాకు కడుపు మండేది, దాచుకోను.

మా మావ బతికున్న రోజుల్లో హార్బర్‌లో పెద్ద బోటు మీద సరంగు, అంటే బోటు మొత్తానికీ పెద్ద. ఈ కుక్క ఒడ్డంతా ఒక చుట్టు చుట్టి, అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని, ఛాతీ విరుచుకుని కూర్చుంటుంది. పేటలో ఆడవాళ్ళందరూ "గంగాలూ, మీ సరంగు ఒచ్చినాడు" అని నవ్వేవారు. ఆ పేరే నిలబడింది.

సరంగు ఎవరికీ తోక ఊపడు. విజిల్ వేస్తే తిరిగి చూడడు. ఒక అమ్మాయి ఖరీదైన బిస్కెట్లు తెచ్చి చేతిలో పెట్టుకుని గంట సేపు బతిమాలితే, వాసన చూసి లేచి వెళ్ళిపోయాడు. మా అత్త కూడా వాడి తిండి చేతితో పెట్టదు, చిప్పలో వేసి తన పని తాను చూసుకుంటుంది. మునిసిపాలిటీ వాళ్ళు తీసుకెళ్ళి ఆపరేషన్ చేసి, టీకా వేసి, చెవి కొస కత్తిరించి తెచ్చి వదిలినప్పుడు మాత్రం ఆ చెవి వైపు చూసి, "మనిసికైనా కుక్కకైనా సూది మందు తప్పదు కదేటి" అని వాడికి వినిపించేలా అంది. అంతే. నాలుగేళ్ళలో ఒకరి మీద ఒకరు చెయ్యి వేసుకోలేదు, కాలు వేసుకోలేదు.

మా పేట పక్కన రెండేళ్ళ కిందట పెద్ద అపార్ట్‌మెంట్ లేచింది. దాని అసోసియేషన్‌కి పెద్ద గురునాథరావు గారు. రిటైరైన మనిషి, తెల్ల బూట్లు వేసుకుని రోజూ ఉదయం బీచిలో నడుస్తాడు. చెడ్డవాడు కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆయన మనవరాలు సైకిల్ తొక్కుకుంటూ నేరుగా చేపల మధ్యకి వచ్చేస్తే సరంగు మొరుగుతూ తరిమాడు. పిల్ల పడింది, మోకాలు గీరుకుపోయింది. కరవలేదు. కానీ తాత గుండె కదా, ఆయనకి నిద్ర పట్టలేదట.

ఒక మంగళవారం కాగితం పట్టుకుని మా ఇంటికే వచ్చాడు.

"చూడండమ్మా, శుక్రవారం వ్యాను మాట్లాడాం. ఇక్కడ తిరిగే ఆ నల్లదాన్ని దూరంగా తీసుకెళ్ళి వదిలేస్తారు. మీదే అయితే ఇదిగో, ఓనర్ అని సంతకం పెట్టండి. మెడకి బెల్టు వేసి, ఇంటి దగ్గర కట్టేసుకోండి. మాకేం అభ్యంతరం లేదు."

"నాను ఆడికి ఓనర్ని కాను బాబూ" అంది మా అత్త.

"మరి మీది కానప్పుడు మీకెందుకమ్మా బాధ?"

"నావోళ్ళు కానోళ్ళంతా ఎల్లిపోవాలేటి? నువ్వూ నావోడివి కావు. నిన్నెక్కడికైనా తోలమన్నానా?"

ఆయన మొహం ఎర్రబడింది. కాగితం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. చదువుకున్నదాన్ని నేనే కదా ఇంట్లో.

నాకు మా అత్త మీదే కోపం వచ్చింది. ఒక్క సంతకంతో పోయే గొడవకి ఇంత పంతం దేనికి? మర్నాడు ద్వారకా నగర్‌లో ఒక ఎర్ర బెల్టు కొన్నాను. మంచిదే కొన్నాను. ఇంటికి తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, "నీ మెడకి కట్టుకుని సూడు" అంది. నాకు ఒళ్ళు మండి లోపలికి వెళ్ళిపోయాను. చెప్పడానికి సిగ్గు గానీ, ఎవరూ చూడకుండా వంటింట్లో ఒకసారి కట్టుకుని చూశాను. గభాలున విప్పేశాను. మళ్ళీ ఆ బెల్టు సంగతి ఎత్తలేదు.

కానీ శుక్రవారం వచ్చేస్తోంది. మా అత్తకి కూడా అన్నం సయించడం లేదు. గురువారం పొద్దున్నే లేచి, "ఆణ్ణి బోటెక్కించి లోపలికి తీసుకుపోండి. యాను ఎల్లిపోయాక తెచ్చీండి" అంది.

నేల మీద గొడవొస్తే నీళ్ళ మీదకి పోవడం మావాళ్ళకి తాతల నాటి అలవాటు. పోలీసులొచ్చినా, అప్పులవాళ్ళొచ్చినా, అన్నదమ్ములు కొట్టుకున్నా, మగాళ్ళు తెప్పలెక్కి కనిపించకుండా పోయేవారు. అక్కడికి ఎవడూ రాడు. మా అత్త బుర్రకి ఆ దారి తప్ప ఇంకోటి తోచలేదు. బయటివాళ్ళెవరైనా ఏ చుట్టాలింట్లోనో దాచేవాళ్ళు, కూర్మన్నపాలెంలో మా అన్నయ్య ఇల్లు కూడా ఉంది, ఎవరికీ గుర్తే రాలేదు.

"అమ్మా, ఆడొప్పుకోడే" అన్నాడు మా ఆయన.

"నానెట్టిన సోటికి ఒత్తాడు."

శుక్రవారం తెల్లారగానే ఆవిడ వాడి వాటా తీసుకెళ్ళి బోటులో పెట్టింది. నాలుగేళ్ళలో ఆ చిప్ప చోటు మారడం అదే మొదటిసారి. సరంగు వచ్చి ఒడ్డున నిలబడ్డాడు. చిప్ప వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. ఆవిడ తల పక్కకి తిప్పుకుంది. వాడు బోటులోకి దూకాడు. ఆవిడ పెట్టింది కాబట్టే దూకాడు. వెంటనే మా ఆయనా బోటువాళ్ళూ కలిసి బోటు కెరటాల్లోకి తోసేశారు.

కెరటాలు దాటేదాకా వాడు కదలకుండా నిలబడే ఉన్నాడట, మా ఆయన చెప్పాడు. ఇంజను చప్పుడు పెరిగాక వెనక్కి తిరిగి ఒడ్డు వైపు చూశాడట. చిప్పలో చేప చిప్పలోనే ఉంది. ఒక్క మూలుగు లేదు, మొరుగుడు లేదు. నీళ్ళలోకి దూకేశాడు. మా ఆయన బోటు తిప్పేలోపు కెరటం అడ్డొచ్చింది, తల కనిపించలేదు.

బోటు ఖాళీగా తిరిగి రావడం చూసి మా అత్త ఇసుకలో కూలబడిపోయింది. "సంపేసినాను. నానే సంపేసినాను" అని గుండెలు బాదుకుంది. మా మావ పోయినప్పుడు కూడా ఆవిడ అలా ఏడవలేదు, నేను పక్కనే ఉన్నాను కాబట్టి తెలుసు. అప్పుడే వ్యాను వచ్చింది. నల్ల కుక్క లేదని చూసుకుని, వచ్చే శుక్రవారం మళ్ళీ వస్తామని వెళ్ళిపోయింది. ఎవరూ వాళ్ళ మొహం కూడా చూడలేదు.

మధ్యాహ్నం మూడింటికి సరంగు వచ్చాడు. మైలు దూరంలో ఎక్కడో ఒడ్డెక్కి, తడి ఇసుక మీద కుంటుకుంటూ నడిచి వచ్చాడు. పేటంతా గోల చేసింది. నేను, కుక్కలంటే పడని నేను, చెప్పులు లేకుండా ఎండలో పరిగెత్తాను. మా అత్త చేతులు చాచింది. వాడు ఆవిడ పక్క నుంచే, అక్కడ మనిషే లేనట్టు నడిచి వెళ్ళిపోయాడు. ఒడ్డు చివర విరిగిన పడవ ఒకటి ఉంటుంది, దాని నీడలో పడుకున్నాడు.

ఆ రోజు నుంచి కాపలా లేదు. వాటా పెడితే ముట్టలేదు. ఎక్కడ తింటున్నాడో ఎవరికీ తెలియదు. కాకులు మా చేపల మీద పెళ్ళి భోజనం చేశాయి. వాడు దూరం నుంచి చూస్తూ పడుకునేవాడు. "చూడు, ఎంత పొగరో! నువ్వే కదా దాన్ని కాపాడాలనుకున్నది" అన్నాను నేను.

"పొగరు కాదే. ఆడు నన్ను నమ్మి పడవెక్కినాడు. నమ్మించి ఎక్కించినాను. దానికి కాపాడడం అంటావేటి?"

బుధవారం సాయంత్రం ఆవిడ చీర మార్చుకుని రామమందిరం దగ్గరికి బయల్దేరింది, వెనకే నేనూ వెళ్ళాను. మా పేటలో తగువేదైనా అక్కడే, పెద్దల ముందే తేలుతుంది. తప్పు ఎవరిదైతే వాళ్ళు అపరాధం కట్టాలి. నష్టపోయినవాడికి, పదిమంది ముందు, తప్పు ఒప్పుకుని మరీ కట్టాలి. అప్పుడు గాని అవతలివాడికి మర్యాద తిరిగొచ్చినట్టు కాదు.

పెద్దల్లో పెద్ద గవర్రాజు తాత. డెబ్భై అయిదు దాటాయి. ఆయన ముందు నిలబడి మా అత్త చెప్పింది.

"నాను పనివాణ్ణి మోసం సేసినాను. అపరాధం ఎయ్యండి."

"ఎవుర్నే?"

"సరంగుని."

అరుగు మీదున్న మగాళ్ళందరూ పగలబడి నవ్వారు. ఒకడైతే "ఆడొచ్చి నీమీద కంప్లైంటు ఇచ్చినాడేటి గంగాలూ?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. కొంగు లాగి ఇంటికి పోదాం అన్నాను. ఆవిడ కదల్లేదు.

"నవ్వండి. నవ్వడం అయ్యాక సెప్పండి. నాలుగేళ్ళు ఆడు వాటా తిన్నాడు, వాటాకి తగ్గ పని సేసినాడు. ఒక్క సేప దొంగిలించినాడా? మీలో ఎంతమంది ఆ మాట సెప్పగలరు? అలాటోణ్ణి అబద్ధమాడి పడవెక్కించినాను. మనిసిని అలా ఎక్కిస్తే మీరొగ్గేత్తారేటి?"

నవ్వు ఆగిపోయింది. గవర్రాజు తాత మాత్రం మొదటి నుంచీ నవ్వలేదు. ఆయన కుర్రతనంలో ఒక బోటు యజమాని ఎవరినో ఇలాగే మాయమాటలు చెప్పి నెల రోజుల వేటకి ఎక్కించుకుపోయాడట, దానికి పెద్దలు గట్టి అపరాధమే వేశారట. ఆ సంగతి చెప్పి, "రేపటి వలలో మీ వాటాకొచ్చిన పెద్ద సేప ఆడికి. నీ నోటితో తప్పు సెప్పి ఎట్టు. పేటంతా సూడాల" అన్నాడు.

మర్నాడు మా వాటాకి వంజరం వచ్చింది. వంజరం! నెలకోసారి కనిపించే చేప. "అమ్మా, తోకముక్కైనా..." అన్నాడు మా ఆయన. ఆవిడ ఒక్క చూపు చూసింది, ఊరుకున్నాడు. ఆ చేపని అరిటాకులో పెట్టుకుని, పేటంతా వెనక నడవగా, విరిగిన పడవ దగ్గరికి వెళ్ళింది. సరంగు లేచి నిలబడ్డాడు.

"నువ్వు నన్ను నమ్మినావు. నాను మోసం సేసినాను. తప్పు నాది. తింటే తిను, లేకుంటే లేదు. నీ ఇట్టం" అని ఆకు కింద పెట్టి వచ్చేసింది.

వాడు తినలేదు. అలాగని కాకిని కూడా వాలనివ్వలేదు. ఆ చేప పక్కనే మధ్యాహ్నమంతా కూర్చున్నాడు. సాయంత్రానికి ఆకు ఖాళీ. ఎవరు తిన్నారో నేను చూడలేదు, చూడనిది చెప్పను.

శుక్రవారం వ్యాను వచ్చింది. వల కట్టిన పొడుగాటి కర్ర పట్టుకుని వెంకటేష్ అనే కుర్రాడు దిగాడు, వెనకే గురునాథరావు గారు. సరంగు విరిగిన పడవ ముందు నిలబడి ఉన్నాడు. పరిగెత్తలేదు, దాక్కోలేదు. మా అత్త వెళ్ళి దారికి అడ్డంగా నిలబడింది. ఆవిడ పక్కన నేను నిలబడ్డాను. షాపుకి సెలవు పెట్టాను ఆ రోజు. మా వెనక పేట ఆడవాళ్ళందరూ, బుట్టలు ఎక్కడివక్కడ వదిలేసి వచ్చారు.

"ఆఖరిసారి అడుగుతున్నాను" అన్నాడు గురునాథరావు. "మీదైతే సంతకం పెట్టి కట్టేసుకోండి. మీది కాకపోతే పక్కకి తప్పుకోండి. రెండిట్లో ఏదో ఒకటి చెప్పండి."

"రెండూ కాదు" అంది మా అత్త.

గవర్రాజు తాత కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చాడు. "ఆడు మా పేటోడు బాబూ. నిన్న ఆడికి అపరాధం కట్టించినాం. బయటోడికి మేం అపరాధం కట్టం."

"కుక్క పేటవాడేమిటండీ? మీకు మతి పోయిందా?"

నాకు అప్పుడు నోరు లేచింది. "మతి మాకు బాగానే ఉంది సార్. చెవికి గాటున్న కుక్కని దాని చోటు నుంచి తోలకూడదని రూలు మీకూ తెలుసు, అందుకే సొంత వ్యాను మాట్లాడుకున్నారు. మీ బిల్డింగు పునాది తవ్వక ముందు మా వలలు అక్కడే ఆరేవి. మేము మీకు బెల్టు పట్టుకొచ్చామా? మీ మనవరాలికి దెబ్బ తగిలిందంటే మాకూ బాధే. రేపు తీసుకురండి, సైకిల్ దిగి చేపల పక్క నుంచి నడిచి వెళ్ళమనండి, నేను తోడుంటాను. సరంగు తల తిప్పి కూడా చూడడు. కానీ వాణ్ణి ముట్టుకుంటే ముందు నన్ను ముట్టుకోవాలి!"

వాణ్ణి! నా నోట అలా వచ్చింది. మా ఆయన నా వైపు వింతగా చూశాడు.

గురునాథరావు గారు ఏదో అనబోయాడు. వెంకటేష్ ఇదంతా తనకెందుకన్నట్టు, మా పక్క నుంచి సందు చూసుకుని వల ఎత్తి ముందుకి రెండడుగులు వేశాడు. సరిగ్గా అప్పుడే సరంగు కదిలాడు. నేరుగా మా మీదకే వచ్చాడు. వెంకటేష్ వల కింద నుంచి, గురునాథరావు గారి తెల్ల బూట్ల పక్క నుంచి, మా అత్త చీర కుచ్చిళ్ళు రాసుకుంటూ మెరుపులా దూసుకుపోయాడు. గురునాథరావు గారు "అమ్మో!" అని కళ్ళు మూసుకున్నాడు.

తిరిగి చూస్తే, చేపల మీద కాకుల గుంపు! మేమంతా ఇక్కడ గొడవలో ఉన్నాం, అక్కడ నాలుగు వలల నెత్తళ్ళు దిక్కూ మొక్కూ లేకుండా పడున్నాయి. ఎవరికీ గుర్తు లేదు. వాడికి ఉంది. ఒక్క కాకి మిగలకుండా తరిమేసి, ఒడ్డంతా ఒక చుట్టు చుట్టి, వచ్చి చేపల పక్కన ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు.

వెంకటేష్ కర్ర దించేశాడు. "సార్, అది డ్యూటీలో ఉంది. డ్యూటీలో ఉన్నోణ్ణి నాను పట్టను" అని వ్యానెక్కేశాడు. గురునాథరావు గారు "మళ్ళీ మాట్లాడదాం" అన్నాడు.

"రండి. మేమెక్కడికీ పోం" అన్నాను. ఆయన ఇచ్చిన కాగితం నా జాకెట్లోనే ఉంది. ఓనర్ పేరు రాయమన్న చోట అడ్డంగా గీత కొట్టి, దాని కింద 'సరంగు, చేపల కాపలా, మా పేట' అని రాసి, గవర్రాజు తాత చేత వేలిముద్ర వేయించి, గురునాథరావు గారి చేతిలో పెట్టాను.

మా అత్త మాత్రం ఇవేవీ చూడలేదు. పరుగులాంటి నడకతో చేపల దగ్గరికి వెళ్ళింది. మూడడుగుల దూరంలో ఆగింది. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"ఇప్పుడా ఒచ్చీది పన్లోకి? వారం రోజులు, వారం! కాకులు సగం సేపలు తినేసినాయి. నీ తాత ఒచ్చి కాత్తాడనుకున్నావేటిరా?" అని గొంతు పగిలేలా తిట్టింది.

సరంగు ఆవిడ వైపు చూడలేదు. చెవులు నిక్కబొడుచుకుని ఆకాశంలో కాకుల్నే చూస్తున్నాడు. కానీ అక్కడి నుంచి లేచి వెళ్ళలేదు. మా అత్త తిడుతూనే, ఏడుస్తూనే, వాడి పక్కన గొంతుక్కూర్చుని నెత్తళ్ళు తిరగేయడం మొదలుపెట్టింది.